ఆరు నిమిషాల పెద్దరికం

జూన్ 4

పిన్నికి,

ఎర్ర పెన్ను మూత తీసి పక్కన పెట్టుకుని ఈ ఉత్తరం విప్పుతున్నావని నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు లెక్కల పాఠాలు చెప్పి రిటైరయ్యావు, అయినా నీ చేయి ఊరుకోదు. ఫోన్ చేస్తే నేను 'ఊ' కొడుతూ అద్దాలు అరగదీసుకుంటానని నీ ఫిర్యాదు కాబట్టి, నీ షరతు ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను. ఇక్కడ నేనూ, కళ్ళద్దాల దుకాణమూ, ఇంట్లో కుళాయీ బాగానే ఉన్నాం. కుళాయి మాత్రం కారుతోంది.

అసలు సంగతి. అమ్మ పోయి ఏడాది దాటింది కదా. తన ఫొటో స్టూడియో మూసినప్పుడు తెచ్చిన నెగెటివుల డబ్బాలు పదిహేడూ ఇంకా నా మంచం కిందే ఉన్నాయి. రోజూ ఊడ్చేటప్పుడు చీపురు వాటికి తగిలి ఠంగుమంటుంది, నా మనసూ అలాగే అంటుంది. ఇక లాభం లేదని పోయినవారం ఒక పాత ఫ్లాట్‌బెడ్ స్కానరు కొన్నాను. జెరాక్సు మిషను లాగే గాజుపలక, దాని మీద మూత. తేడా ఏమిటంటే దీనికి మూతలో కూడా ఒక లైటుంటుంది. పైనుంచి ఆ వెలుగు ఫిల్మ్‌లోంచి కిందికి దిగితే, గాజు కింద ఉన్న మిషను కన్ను చూసి కంప్యూటరుకి చెబుతుంది.

మొదటిరోజంతా చీకటి. ఏది పెట్టినా నల్లటి పలకే వచ్చింది. అమ్మినవాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తాపీగా, "మూతలో తెల్ల అట్ట తీశారా అమ్మా?" అన్నాడు. కాగితాలు స్కాన్ చేసేటప్పుడు ఆ అట్ట ఉండాలట, ఫిల్మ్‌కి తీసేయాలట. లైటుకి అదే అడ్డం. చెంపలేసుకున్నాను. రెండోరోజు బొమ్మ వచ్చింది కానీ తపాలా బిళ్ళంత వచ్చింది. అంగుళానికి మూడువందల చుక్కలు చాలనుకోవడం నా అమాయకత్వం. ఈ చిన్న ఫిల్మ్‌కి రెండువేల నాలుగువందలు పెడితే గానీ మొహాలు మొహాల్లా రాలేదు.

మూడు ప్రింట్లు తీయించి ఇందులో పెట్టాను. మొదటిది చూడు, స్టూడియో గుమ్మంలో పద్దెనిమిదేళ్ళ అమ్మ. ఎడమ బుగ్గ మీద మచ్చ, ఆ ఓరచూపు. అది తెర మీద మెల్లగా పైనుంచి కిందికి వస్తుంటే, స్కానరు మూత మీద తల పెట్టుకుని ఏడ్చేశాను పిన్నీ. మొహమాటపడకుండా ఎలా వచ్చాయో రాయి.

నీ
కళ్ళజోడు


జూన్ 12

కళ్ళజోడూ,

అక్షరదోషాలు ఈసారి రెండే, అభివృద్ధి కనబడుతోంది. ఫొటోల్లో దోషాలు మాత్రం మూడింటికి మూడు.

రెండో ఫొటోలో మీ నాన్న ఎడమచేత్తో సంతకం పెడుతున్నాడు. ఆయనకి కుడిచేత్తో పెట్టడమే సరిగ్గా రాదు. మూడో ఫొటోలో గోడ మీద క్యాలెండరు అంకెలు వెనక్కి తిరిగి నిలబడ్డాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుడి కన్ను, ఎడమ కన్ను అని కొలతలు తీసేదానివి, ఇది కనబడలేదా? మీ దుకాణంలో అద్దాలు మార్చుకునే వాళ్ళ మీద నాకు జాలేస్తోంది.

ఇక మొదటి ఫొటో. గుమ్మంలో ఓరచూపు చూస్తున్న ఆ పిల్ల మీ అమ్మ కాదు, నేను. అచ్చుగుద్దినట్టు ఒకే మొహాలు పెట్టి పుట్టించినా దేవుడు ఒక్క గుర్తు ఇచ్చాడు: మీ అమ్మకి ఎడమ బుగ్గ మీద మచ్చ, నాకు కుడి బుగ్గ మీద. మీ నాన్న పెళ్ళయిన కొత్తలో ముందు మచ్చ చూసుకుని, ఆ తర్వాతే నోరు విప్పేవాడు. నువ్వు ఫిల్మ్ తిరగేసి పెట్టావు, నా మచ్చ అటు పోయింది. నిక్షేపంగా బతికున్న మనిషి ఫొటో మీద పడి ఏడ్చావన్నమాట. మీ బాబాయి పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నాకు మాత్రం కాస్త ముచ్చటేసింది, దాచడం ఎందుకు.

ఫిల్మ్‌కి ఒక వైపు మెరుపు, ఒక వైపు మసక. బొమ్మ ఉండేది మసక వైపు. మెరిసే వైపు నుంచి చూస్తేనే లోకం సరిగ్గా కనబడుతుంది. వేళ్ళకి తేడా తెలియకపోతే అంచుని పెదవికి తాకించు. మసక వైపు చిన్నగా అంటుకుంటుంది, మెరిసే వైపు జారిపోతుంది. మీ అమ్మ డార్క్‌రూమ్‌లో, ఎర్రలైటు వెలుగులో, రోజుకి వందసార్లు చేసేది ఆ పని. నలభై ఏళ్ళలో ఒక్క ప్రింటు తిరగబడలేదు. అడిగితే, "నా పెదవి అబద్ధం చెప్పదే" అని గొప్పలు పోయేది.

ఇప్పుడు నాకొక పని చేసి పెట్టాలి. ఆ డబ్బాల్లో మేం పుట్టిన మూడోరోజు మీ తాతయ్య తీసిన నెగెటివు ఉండాలి. ఆస్పత్రి మంచం మీద ఇద్దరు పసిగుడ్లు. నా దగ్గరున్న ప్రింటు అల్మారాలో పెట్టుకుంటే పురుగు కొట్టి మూల తినేసింది. ఇంకో అంగుళం తింటే నేను మాయం. ఆగస్టు ఇరవై అయిదుకి మాకు అరవై ఐదు నిండుతాయి. మీ అమ్మ లేకుండా వచ్చే రెండో... సరే, ఆ రోజుకి కొత్త ప్రింటు కావాలి. అంతే.

ఆ ఫొటో చరిత్ర నీకు పూర్తిగా తెలియదనుకుంటాను. మాలో ముందు పుట్టిన దాని చేతికి నర్సు దారం కట్టింది. ఆరు నిమిషాల తేడా. మా అమ్మకి నెలరోజులు ఒళ్ళు తెలియని జ్వరం, దారం ఎప్పుడు ఊడిందో ఎవరూ చూడలేదు. ఊరందరి ఫొటోలూ కడిగే ఇంట్లో మా ఒక్క ఫిల్మ్ ప్రింటు తీయడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. పదహారేళ్ళు 'పెద్దదాన్ని నేనంటే నేను' అని జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. ఇంతలో మీ తాతయ్యకి చూపు తగ్గి స్టూడియోలో మనిషి కావలసి వచ్చింది. పెద్దది బడి మానేసి పనిలో కూర్చోవాలి, చిన్నది చదువుకోవాలి అని ఇంట్లో తేల్చారు. అప్పుడు మీ అమ్మే ఆ నెగెటివు వెతికి ప్రింటు తీసింది. దారం ఉన్న పాపకి ఎడమ బుగ్గ మీద మచ్చ! ఇంకేం, తను అక్క అయిపోయింది, డార్క్‌రూమ్‌కి మహారాణి అయిపోయింది. 'అక్కని చెబుతున్నాను, విను' అంటూ నా నెత్తినెక్కి కూర్చుంది. నేను మాత్రం నోరారా అక్కా అని పిలిస్తే ఒట్టు. 'ఏమే' తోనే గడిపేశాను.

అందుకే నువ్వు నన్ను పిన్నీ అంటున్నావు. లేకపోతే పెద్దమ్మని అయ్యేదాన్ని, నీ చెవులు పిండడానికి ఇంకాస్త అధికారం ఉండేది.

నీ
పిన్ని (ఆ ప్రింటు దయవల్ల)


జూన్ 21

పిన్నికి,

నీ ఉత్తరం దుకాణంలో విప్పడం నా పొరపాటు. కళ్ళ పరీక్షకి వచ్చిన ఒకాయన, "ఏమ్మా, ఎందుకు నవ్వుతున్నారు?" అని మూడుసార్లు అడిగాడు. బతికున్న పిన్ని కోసం ఏడ్చానని ఏం చెప్పను?

నా పక్షాన ఒక్క మాట వినిపించుకో. కాగితం స్కాన్ చేసేటప్పుడు బొమ్మ ఉన్న వైపు గాజు మీద బోర్లా పెడతాం కదా. ఫిల్మ్‌కీ అంతే అనుకుని, బొమ్మ ఉన్న మసక వైపు కిందికి పెట్టాను. తర్కం ప్రకారం నేను కరెక్టు, ఫిల్మే తప్పు. ఇప్పుడు ప్రతి ముక్కా పెదవికి తాకించి, మెరిసే వైపు గాజు మీదకి పెడుతున్నాను. నా పెదవులకి పాత వెనిగరు వాసన వస్తోంది. అమ్మ దగ్గరికి వెళ్తే చిన్నప్పుడు ఇదే వాసన వచ్చేది. అది గుర్తొచ్చాక రెండో ముక్క పెట్టడానికి కాస్త సమయం పట్టింది.

ఇంకా చాలా నేర్చుకున్నాను. ఫిల్మ్ నేరుగా గాజుకి ఆనితే నీళ్ళ మీద నూనె తేలినట్టు వలయాలు వస్తాయి. అందుకే ప్లాస్టిక్ చట్రంలో బిగించాలి. చుట్టుకుపోయిన ఫిల్మ్‌ని వారంరోజులు లావుపాటి పుస్తకాల కింద పెట్టాలి. దుమ్ము ఒక్క రేణువు పడినా తెర మీద తాటికాయంత కనబడుతుంది, రబ్బరు బంతితో గాలి కొట్టీ కొట్టీ బొటనవేలు వాచింది. దుమ్ము దానంతట అదే తుడిచే మీట ఒకటుంది గానీ, నలుపు తెలుపు ఫిల్మ్‌కి అది పనికిరాదు. నీ జడ రిబ్బన్లని దుమ్మనుకుని సగం తుడిచేసింది.

ఆరు డబ్బాలు అయ్యాయి, పసిగుడ్లు ఇంకా దొరకలేదు. ఏ నెగెటివు కవరు మీదా పేరు లేదు, అంకెలూ, ప్రింటు ఎలా తీశారో రెండు మూడు ముక్కలూ, అంతే. ఇంకో విచిత్రం. చాలా కవర్ల వెనక అమ్మ పెన్సిలుతో ఏవేవో లెక్కలు వేసింది. చిన్న చిన్న అక్షరాలు, ఒకదాని కింద ఒకటి. రసాయనాల పాళ్ళు అయ్యుంటాయి. కవరు వృథా కాకూడదని రెండు వైపులా వాడేది, నీకు తెలుసుగా అమ్మ పొదుపు.

నీ
కళ్ళజోడు


జూన్ 29

కళ్ళజోడూ,

ఫిల్మ్‌ని చదును చేయడానికి లావుపాటి పుస్తకాలు వాడుతున్నావని తెలిసి సంతోషించాను. నీ ఇంట్లో పుస్తకాలు మొత్తానికి ఒక పనికొచ్చాయి.

పసిగుడ్ల ఫిల్మ్ చిన్న రకంలో వెతికితే దొరకదు. అప్పటి కెమెరాది వెడల్పు ఫిల్మ్, అరచేతిలో సగం ఉంటుంది. చదరపు బొమ్మ. నీ చట్రంలో వెడల్పు గాడి ఉందేమో చూడు. అంకెల సంగతి కూడా విను. మీ తాతయ్య సంవత్సరాన్ని వెనకనుంచి రాసేవాడు, పోటీ స్టూడియోవాళ్ళకి అర్థం కాకూడదని. ఆ పోటీ స్టూడియోవాడికి ఆ నెగెటివులు ఎందుకు పనికొస్తాయని ఎవరూ అడగలేదు.

నేను తొందర పెడుతున్నాననుకోకు. కానీ తొందరే. పురుగు ఈ వారం ఇంకో గోరంత తిన్నది. మీ బాబాయి ఆ ప్రింటుని గాజుఫ్రేములో పెట్టబోయి, వెనకాముందూ తెలియక బోర్లా బిగించారు. గోడ మీద రెండు రోజులు తెల్ల అట్టని చూసుకుంటూ కాఫీ తాగాం. మీ ఇద్దరికీ తిరగేసే రోగం ఒకటే అయినట్టుంది.

ఈసారి కూడా పుట్టినరోజు నాకు చేసుకోవాలని లేదు. ఆ ఫొటో ఎదురుగా ఉంటే ఇద్దరం ఉన్నట్టే అనుకుంటాను. అందుకని అడుగుతున్నాను.

నీ
పిన్ని


జూలై 8

పిన్నికి,

దొరికింది! పదకొండో డబ్బా, అట్టడుగున. వెనకనుంచి సంవత్సరం చదివాక అయిదు నిమిషాల్లో పట్టుకున్నాను. వెడల్పు గాడిలో బిగించి, గాలి కొట్టి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. కొంచెం కొంచెంగా మంచం, దుప్పటి మడత, పిడికిళ్ళు, ఆ తర్వాత మీ ఇద్దరి మొహాలు. దారం ముడి కూడా లెక్కపెట్టొచ్చు. ఇంత చిన్న మొహాల మీద అంత కోపం ఏమిటి పిన్నీ? అప్పటికే పోట్లాట మొదలైందా?

అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను, మడత పడదు. మీ పుట్టినరోజుకి ఇంకా నెలన్నర ఉంది. మార్కులు వేసేటప్పుడు అది గుర్తుంచుకో.

నీ
కళ్ళజోడు


జూలై 14

అమ్మాయీ,

ప్రింటు అందింది. స్పష్టంగా ఉంది, కాదనను. కానీ మళ్ళీ తిరగేశావు.

నా ప్రింటులో దారం ఉన్న పాపకి మచ్చ ఎడమ బుగ్గ మీద ఉంది. నువ్వు పంపినదాంట్లో కుడి బుగ్గ మీద ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎదురుబొదురుగా నిలబడ్డట్టున్నాయి. పెదవులు వెనిగరు వాసన వస్తున్నాయని పెద్ద పెద్ద కబుర్లు రాశావే, ఈ ఒక్కదానికి తాకించడానికి తీరిక లేకపోయిందా? మిగతావి ఎలా ఉన్నా నవ్వి ఊరుకునేదాన్ని. ఇది మీ అమ్మ పక్కన నేను పడుకున్న ఒకే ఒక్క ఫొటో. దీన్నైనా కాస్త మనసు పెట్టి చేయాల్సింది.

కోపంగా రాశాను, చింపేసి మళ్ళీ రాద్దామనుకున్నాను. మీ బాబాయి, "ఉన్నదున్నట్టు పంపు, దానికీ తెలియాలిగా" అన్నారు. పంపుతున్నాను.

పిన్ని


జూలై 21

పిన్నికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మాటపడ్డ పిల్లలా తిరిగాను. మూడోరోజు కూర్చుని మళ్ళీ చేశాను. ఇప్పుడు నేను చెప్పేది ఎర్ర పెన్ను పక్కన పెట్టి విను.

పెదవికి తాకించాను, ఒకసారి కాదు, నాలుగుసార్లు. మెరిసే వైపే గాజు మీద ఉంది. ఫిల్మ్ అంచున అంకెలు ఉన్నాయి, నేను పంపిన బొమ్మలో అవి సరిగ్గా చదవొస్తున్నాయి. అయినా నా మీద నాకే నమ్మకం లేక, అదే ఫిల్మ్ ముక్కలో పక్క బొమ్మ కూడా స్కాన్ చేశాను. ఆస్పత్రి వసారా అది. గోడ మీద బోర్డు ఉంది. 'నిశ్శబ్దం పాటించండి' అని కడిగిన ముత్యంలా చదవొస్తోంది. అదీ ఇందులో పెట్టాను, నువ్వే చదువుకో. బోర్డు నేరుగా ఉంటే పక్కనున్న మంచమూ నేరుగానే ఉండాలి కదా, లెక్కల టీచరుగారూ?

నేను తిరగేయలేదు. తిరగబడింది నీ అల్మారాలో ఉన్న ప్రింటు. అందులో బోర్డూ లేదు, అంకే లేదు, ఎవరికీ అనుమానం రాలేదు.

అంటే దారం కట్టింది కుడి బుగ్గ మచ్చకి. అంటే ఆరు నిమిషాలు ముందు పుట్టింది నువ్వు. నాకు ముప్పై ఆరేళ్ళొచ్చాయి, ఇన్నాళ్ళూ నిన్ను తప్పు వరసతో పిలిచాను. క్షమించు.

పెద్దమ్మా, ఇప్పుడు నా చెవులు పిండుకో.

నీ
కళ్ళజోడు


జూలై 27

చిరంజీవి కళ్ళజోడుకి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది,

చూశావా, వరస మారగానే భాష కూడా ఎలా పెరిగిందో! నిన్ను కోప్పడ్డందుకు లెంపలేసుకున్నాను. 'నిశ్శబ్దం పాటించండి' ఫొటో చేత్తో పట్టుకుని ఇల్లంతా కేకలు పెడుతూ తిరిగాను. పక్కింటావిడ కంగారుగా వచ్చింది. ఆవిడకీ చెప్పాను. కూరగాయలమ్మాయికీ, నీళ్ళ మిషను బాగుచేసే ఆయనకీ చెప్పాను. అరవై ఐదేళ్ళు పట్టింది న్యాయం జరగడానికి!

మీ బాబాయి... తప్పు, మీ పెదనాన్నగారు అలిగి కూర్చున్నారు. "నిన్నటిదాకా బాబాయిని, పొద్దున లేచేసరికి పెదనాన్ననా? జుట్టు ఉన్నప్పుడైనా చెప్పాల్సింది" అంటున్నారు. వరస పెరిగితే కాఫీలో పంచదార కూడా పెరుగుతుందేమోనని అడిగి చూశారు. పెరగదన్నాను.

ఇక మీ అమ్మ నా మీద చేసిన పెత్తనాలన్నీ చెల్లవు. 'అక్కని చెబుతున్నాను' అని నా చేత తాగించిన కషాయాలు చెల్లవు. నా పెళ్ళికి జడ వేస్తూ లాగిన లాగుళ్ళు చెల్లవు. తను ఉండి ఉంటే మొహం ఎలా పెట్టేదో చూడాలనిపిస్తోంది. అదొక్కటే ఈ సంబరంలో లోటు.

అయినా ఒకటి అర్థం కావడం లేదు. అంతటి మీ అమ్మ ఆ ప్రింటు తిరగేసి తీయడమేమిటి? అప్పటికి పదహారేళ్ళే అనుకో. కానీ తొమ్మిదో ఏట నుంచే తాతయ్య వెనకాల డార్క్‌రూమ్‌లో తిరిగేది. ఆ రోజు చేయి జారిందేమో.

నీ
పెద్దమ్మ (ఈసారి హక్కుతో)


ఆగస్టు 3

పెద్దమ్మకి,

చేయి జారలేదు.

నీ ఉత్తరం చదివాక నాకూ అదే పట్టుకుంది. నాలాంటిది మొదటి వారంలో చేసే తప్పు అది, అమ్మ చేసేది కాదు. ఆ నెగెటివు పెట్టిన కవరు మళ్ళీ తీసి చూశాను. ఏ ప్రింటు ఎలా తీశామో కవరు మీద రాసి పెట్టాలన్నది తాతయ్య స్టూడియోలో నియమం కదా. అన్నిటి మీదా ఏదో ఒకటి ఉంది: 'కాస్త ముదురుగా', 'కుడి అంచు కత్తిరించి', 'మూడు కాపీలు'. దీని మూలన పెన్సిలుతో, అమ్మ అక్షరాలతో ఇలా ఉంది:

'తిరగేసి. ఒక్క కాపీ.'

పట్టపగలు దొంగతనం చేసి, కింద సంతకం పెట్టి వెళ్ళినట్టుంది మా అమ్మ వ్యవహారం! డార్క్‌రూమ్ కోసం ఎంత పని చేసిందో చూడు. పెద్దరికం కోసమూ, నీ మీద పెత్తనం కోసమూ ప్రింటునే మార్చేసింది. ముందు పడీ పడీ నవ్వాను. తర్వాత కొంచెం సిగ్గేసింది. స్టూడియో న్యాయంగా నీకు రావలసింది కదా, తాతయ్య పక్కన కూర్చోవలసింది నువ్వు. అమ్మ లాగేసుకుంది. ఆవిడ తరఫున నేను క్షమాపణ చెప్పొచ్చా?

కవరు నీకే పంపుతున్నాను. దాని వెనకా లెక్కలున్నాయి. అలాంటివే ఇంకో రెండు కవర్లు కూడా పెట్టాను. రసాయనాల పాళ్ళు అనుకున్నాను గానీ, ఇన్ని 'ఎక్స్‌'లూ 'వై'లూ ఏ రసాయనమో నాకు అంతు చిక్కలేదు.

నీ
కళ్ళజోడు


ఆగస్టు 11

కళ్ళజోడూ,

నీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు. ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టానో కూడా వెతకలేదు.

ఆ కవర్ల మీద ఉన్నవి రసాయనాల పాళ్ళు కావు. నా కాలేజీ పుస్తకంలో లెక్కలు. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడల్లా నా పుస్తకాలు కనబడకుండా పోయేవి. అడిగితే, "ఫొటోలు ఎండబెట్టాను, బరువుకి పెట్టానే" అనేది మీ అమ్మ. నేను నమ్మి విసుక్కునేదాన్ని. నువ్వు పంపిన మూడో కవరు మీద ఉన్న లెక్క రెండో సంవత్సరం పరీక్షలో నాకు రాక నేను వదిలేసి వచ్చినది. మీ అమ్మ ఆరు వరసల్లో చేసింది. రెండుసార్లు చూశాను, సరిగ్గా చేసింది. ఒక ప్రింటు నీళ్ళలో నానుతుంటే, ఇంకొకటి వేలాడదీసే లోపల చేసి ఉంటుంది.

బడిలో లెక్కల్లో నాకంటే ఎప్పుడూ రెండు మార్కులు దానికే ఎక్కువ వచ్చేవి. ఈ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని నాకు తోచలేదు కూడా.

ఆ మధ్యాహ్నం సంగతి కూడా నీకు సగమే రాశాను. నేను పెద్దదాన్ని కాకూడదని వెనక గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. బడి మానేయాల్సి వస్తుందని. పదహారేళ్ళు పెద్దదాన్ని నేనేనని పోట్లాడినదాన్ని, ఆ ఒక్క పూట చిన్నదాన్ని కావాలని వెక్కి వెక్కి ఏడ్చాను. మీ అమ్మ వచ్చి కాసేపు నిలబడి చూసింది. "ముక్కు తుడుచుకో" అంది. డార్క్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఒక ప్రింటుకి అంతసేపు పట్టదు. నేను తలుపు కొట్టాను కూడా. "వెలుతురొస్తుంది, అవతలికి పోవే" అని అరిచింది. బయటికి వచ్చినప్పుడు ప్రింటు నుంచి నేల మీదకి నీళ్ళు కారుతున్నాయి. "నేనే అక్కని. ఇక ఏడుపు ఆపి నా మాట విను" అంది.

నేనేం చేశానో తెలుసా? గెంతులేశాను. దాని ఎదురుగానే గెంతాను.

అది డార్క్‌రూమ్ కోసం చేసింది కాదమ్మా. డార్క్‌రూమ్‌ని తర్వాత ప్రేమించింది, అది దాని గొప్పతనం. ఆ రోజు మాత్రం ఆ నెగెటివుని ముందు సరిగ్గానే పెట్టి చూసి ఉంటుంది. నేనే పెద్దదాన్నని చూసి ఉంటుంది. అప్పుడు తిరగేసింది. చూపు ఆనని మా నాన్నని నమ్మించింది, చూపున్న నన్నూ నమ్మించింది. కవరు మీద మాత్రం అబద్ధం రాయలేకపోయింది. నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం, నా ఎర్ర పెన్ను, నేను దిద్దిన ప్రతి కాగితం ఆ రెండు ముక్కల్లో ఉన్నాయి. నువ్వెందుకు క్షమాపణ చెప్పాలి? చెప్పవలసింది నేను, వినవలసిన మనిషి లేదు.

నిన్న పొద్దున అద్దం ముందు నిలబడ్డాను. నా మచ్చ అద్దంలో ఎడమ బుగ్గ మీదకి పోతుంది కదా. ఏడాదిగా దువ్వుకునేటప్పుడల్లా చూస్తూనే ఉన్నాను, ఇప్పుడే కనబడింది. "అక్కా" అని పిలిచాను. గట్టిగానే పిలిచాను. వంటింట్లోంచి మీ బాబాయి, "ఎవరొచ్చారు?" అన్నారు.

అవును, బాబాయే. పాపం ఊపిరి పీల్చుకున్నారు. జుట్టు సంగతి అలాగే ఉంది గానీ వయసు తగ్గిందని సంబరపడుతున్నారు. పక్కింటావిడకీ, కూరగాయలమ్మాయికీ మళ్ళీ చెప్పాలి. నీళ్ళ మిషను ఆయన దొరికితే ఆయనకీ చెబుతాను.

నువ్వు పంపిన ప్రింటు వాపసు పంపుతున్నాను. నీ దగ్గర ఉండనీ, నిజం ఒకచోట ఉండాలి. నా అల్మారాకి మాత్రం ఇంకొకటి కావాలి. ఇరవై అయిదుకల్లా అందేట్టు చూడు. నీ మొదటి వారం తప్పే మళ్ళీ చెయ్యి. పెదవికి అంటుకునే వైపు చూసుకుని, ఆ వైపే గాజు మీదకి పెట్టు. కవరు మీద ఏం రాయాలో మీ అమ్మే రాసి పెట్టింది.

తిరగేసి. ఒక్క కాపీ.

నీ
పిన్ని